ముక్కు అరువిచ్చిన ఆడబిడ్డ

హువహినే దీవిలో తూరియా ఇంటి చుట్టూ తెల్లటి తియరే పూల పొదలే. తెల్లవారుజామునే, ఇంకా విచ్చుకోని మొగ్గలు కోసి, కోరిన కొబ్బరిలో కలిపి, ఎండలో మగ్గబెట్టి మొనోయి నూనె తీస్తుంది. ఊళ్లో ఏ బిడ్డ పుట్టినా ఒళ్లు రుద్దేది ఆ నూనెతోనే. ఎప్పుడు మగ్గిందో, ఎప్పుడు మురగబోతోందో ఆమెకు ముక్కే చెప్పేది.

వానల చివర వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ వాసన పట్టే శక్తిని పట్టుకుపోయింది. పూలలో మొహం దాచుకున్నా ఏమీ తెలియడం లేదు. ఎవరికీ చెప్పలేదు.

అంతలో ఆడబిడ్డ ఫైమనోకి మనవరాలు పుట్టింది. తూరియా చేతి అలవాటు మీద నూనె మగ్గబెట్టి, మొగుడు తవితాని పిలిచింది.

"ఏమయ్యా, ఇది వాసన చూడు."

తవితా వల పక్కన పెట్టి మూకుడు దగ్గర వంగాడు. "బాగానే ఉన్నట్టుంది. నా చేతుల కంపులో నాకేం తెలుస్తుంది? నన్నడుగుతావేంటి, కొత్తగా?"

ఆమె నూనె పంపలేదు. రేపు, ఎల్లుండి అంటూ దాటేసింది. చివరికి ఫైమనో తనే వచ్చింది.

"ఊరందరి పిల్లలకీ ఉంది, నా మనవరాలికే లేదా? నా మీద ఏం కోపమే నీకు?"

తూరియా ఇక ఆపుకోలేకపోయింది. "కోపం కాదు వదినా. నాకు వాసన తెలీడం లేదు. మురిగిన నూనె పసిదానికి ఇస్తానేమోనని భయం."

ఫైమనో మూకుడు కోసం చెయ్యి చాపింది. "ఓసి పిచ్చిదానా! నా ముక్కుందిగా, ఇలా తే." వాసన చూసి తల తిప్పేసుకుంది. "అమ్మో! దీన్ని పందులు కూడా ముట్టవు."

పంపనందుకు తూరియా గుండె కుదుటపడింది. కూర్చున్నచోటే ఏడ్చేసింది.

మర్నాటి నుంచి ఫైమనో తెల్లారేసరికి వచ్చేది. మొగ్గలు ఇద్దరూ కోసేవారు. "ఇంకా కొబ్బరి వాసనే", "ఇవాళ పూలు పలుకుతున్నాయి" అని ఆమె చెబుతుంటే తూరియా కలిపేది. ఆ నూనెతోనే బిడ్డకు ఒళ్లు రుద్దారు. నలుగురూ బాగుందన్నారు.

కొన్ని వారాల తర్వాత బిడ్డను భుజాన వేసుకున్న తూరియా ఉలిక్కిపడింది.

"వదినా! నీ మనవరాలు కంపు కొడుతోంది!"

"ఏం కూశావే?"

"పాలు కక్కింది! పుల్లగా ఉంది, వదినా, పుల్లగా!"

ఫైమనోకి అర్థమైంది. పెద్దగా నవ్వింది. తూరియా ఆ తడిసిన భుజాన్ని కడుక్కోలేదు. మాటిమాటికీ వాసన చూసుకుంటూ మధ్యాహ్నం దాకా అలాగే తిరిగింది. పూల వాసన రావడానికి ఇంకొంత కాలం పట్టింది. అయినా ఆమెకిప్పుడు తొందర లేదు.