ఐదో నెల అన్నం

కత్తిపీట మీద కూర్చుంటే నాగమ్మాళ్ కూడా అందరిలాంటిదే. పీలమేడులో కాలేజీ హాస్టల్ వంటింట్లో నలుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంటే, వెనకనుంచి చూసినవాడికి తేడా తెలియదు. లేచి నిలబడితేనే లోకానికి వేడుక. పెద్ద తల, వెడల్పాటి భుజాలు, వాటి కింద పదేళ్ళ పిల్లకుండేటంత కాళ్ళు. ఆ కాళ్ళతోనే యాభై ఏళ్ళుగా బస్సులెక్కింది, బిందెలు మోసింది. తమ్ముడి కూతురు పురిట్లోనే తల్లిని పోగొట్టుకుంటే, ఆ పిల్లను చంకనేసుకుని పెంచింది.

ఈ రోజు చేతిలో పని గబగబా ముగించి, మధ్యాహ్నం సెలవు పెట్టి ఇల్లు చేరింది. ఆ కూతురు ఇందుజకు ఐదో నెల. మేనత్త ఐదు రకాల అన్నాలు వండి, మొదటి ముద్ద తన చేత్తో కడుపుతో ఉన్న పిల్ల నోట్లో పెట్టడం వాళ్ళ వాడుక.

మొన్న స్కాన్ తీసిన డాక్టరమ్మ, బిడ్డ కాళ్ళు కాస్త పొట్టిగా కనిపిస్తున్నాయని, ఇప్పుడే తేల్చి చెప్పలేమని, నెల ఆగి మళ్ళీ చూద్దామని అంది. ఆ మాటనే నమ్ముకుని నాగమ్మాళ్ పొయ్యి వెలిగించింది. ఇంకా లోకం చూడని బిడ్డ కాళ్ళు కొలిచి ఏడవడమేమిటని నవ్వుకుంది కూడా.

సాయంత్రం కారు వచ్చింది. ఇందుజ, ఆమె మొగుడు యువన్, అత్తగారు పాండీశ్వరి దిగారు. తమ్ముడు ఇరుళప్పన్ ఆకులు వేశాడు. పులిహోర, నిమ్మకాయ అన్నం, కొబ్బరన్నం, పెరుగన్నం, చక్కెర పొంగలి. నాగమ్మాళ్ పొంగలి ముద్ద చేసి చెయ్యి చాపింది. ఇందుజ మొహం తిప్పుకుంది.

"వద్దత్తా. ఆస్పత్రిలో ఏమీ తినకుండా రమ్మన్యారు."

"ఏ ఆస్పత్రిలో?"

ఇరుళప్పన్ ఆకులోకి చూస్తూ అన్నాడు. "వేరే డాక్టర్ కడుపు తీసేదానికి ఒప్పుకున్యాడక్కా. ఈ పొద్దే చేర్చుకుంటారు. మన రక్తంలో ఉండేది ఇంతతో నిలిచిపోనీ."

"నీకూ నాకూ అమ్మ ఒకతే కదరా. నువ్వు వాకిట్లో వంగి వస్తావు, నాకు గడియ అందదు. రక్తం ఎవరి మాట వినిందిరా?"

"పుట్టి కష్టపడేదానికన్నా ఇదే మేలు వదినా, పావం," అంటూ పాండీశ్వరి పొంగలి రెండోసారి వడ్డించుకుంది. వాళ్ళింట్లో మూడు తరాలుగా చక్కెర జబ్బు. యువన్ కూడా మాత్రలు మింగుతున్నాడు. ఆ రక్తం నిలిచిపోవాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇందుజ ఏడుస్తోంది. "నువ్వు పడిన కష్టమంతా చూసినాను కదత్తా. నా బిడ్డకి అది వద్దు."

నాగమ్మాళ్ చేతిలోని ముద్దను ఇందుజ ఆకు మీద దించింది. తన చంకలో పెరిగిన పిల్ల తన బతుకంతటిలో చూసింది ఇదేనా!

"నా కాళ్ళు నన్ను కష్టపెట్టలేదే ఇందు. చూసినోళ్ళ కండ్లే పెట్టినాయి. ఇప్పుడు నీ కండ్లు కూడా." గొంతు తగ్గించి అడిగింది. "ఒక్క నెల ఆగు. నా మాదిరే పుట్టితే నాకిచ్చెయ్యి. నేను పెంచుకుంటాను."

ఇందుజ మొగుడి వైపు చూసింది. యువన్ ఫోన్ చూసుకున్నాడు. "టైమ్ ఆచ్చు, పోదాం," అని లేచాడు.

ఇరుళప్పన్ కూడా వాళ్ళతో ఎక్కాడు. కారు సందు మలుపు తిరిగింది. కడుపులో బిడ్డతో కలిపి కారులో ఐదుగురు వెళ్ళారు. తిరిగి వచ్చేది నలుగురే.

నాగమ్మాళ్ ఎంగిలాకులు ఎత్తింది. మెతుకు మిగల్లేదు, వంట బాగా కుదిరినట్టుంది. చివరికి ఇందుజ ఆకు ఒక్కటే ఉండిపోయింది. ఆకు మీద నాగమ్మాళ్ వేళ్ళ అచ్చులతో పొంగలి ముద్ద, దాని చుట్టూ మెల్లగా గడ్డకడుతున్న నెయ్యి.