రెండో లూప్

రాజోలు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ప్రసన్నకుమారి కంప్యూటర్ లెక్చరర్. హాల్ టికెట్లు ప్రింట్ చేసి, వెంటనే తల్లిదండ్రులకు మెసేజీలు పంపే ప్రోగ్రాం ఈసారి కొత్తగా ఆమే రాసింది. టికెట్లన్నీ వచ్చాయి కానీ మెసేజ్ ఒక్కటీ వెళ్లలేదు.

"దీనమ్మగారు ఫోన్ నంబర్లు తప్పు కొట్టుంటారు," అని స్టాఫ్ రూంలో అందరి ముందూ అనేసింది. క్లర్క్ దీనమ్మ రెండు రోజులు కూర్చుని మూడువందల నంబర్లూ మళ్లీ కొట్టింది. అయినా వెళ్లలేదు.

అప్పుడు ప్రసన్నకుమారి తన కోడ్ తెరిచింది. ఆమె వాడిన ప్రోగ్రామింగ్ భాషలో, పేర్లను ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్‌ను, ఒక్కో పేరుకూ అదే పని చేసుకుపోయే ఫర్ లూప్ నేరుగా తీసుకోదు. అందుకని దాన్ని క్లాసు అనే చిన్న కోడ్ డబ్బాలో పెట్టి ఇచ్చింది. లూప్ అడిగిన ప్రతిసారీ ఆ క్లాసు కొత్త ఇటరేటర్ ఇవ్వాలి. తను రాసింది పాతదాన్నే ఇస్తోంది. టికెట్ల లూప్ దాన్ని చివరి పేరుదాకా నడిపేసింది. మెసేజీల లూప్‌కు పేర్లే మిగల్లేదు. ఈ తప్పు చేయొద్దని పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పింది తనే.

ఒక్క లైను మార్చగానే మెసేజీలు వెళ్లాయి. ఎవరికీ చెప్పకుండా ఊరుకుందామా అనిపించి, అలా అనిపించినందుకు ఇంకా సిగ్గుపడింది. స్టాఫ్ రూంకి వెళ్లి అందరూ వింటుండగా చెప్పింది.

"తప్పు నాదండీ దీనమ్మగారూ. మీ నంబర్లు మొదట్నుంచీ సరిగ్గానే ఉన్నాయి."

"ఆయ్, తెలుసండి. మళ్లీ కొడుతుంటే ఒక్కటీ మారలేదు. ఆ రోజే మీకు చెప్దామని వచ్చేనండి. మీరు ఫోన్లో ఉన్నారు."

వచ్చి నిలబడ్డ దీనమ్మను చేయి ఊపి పంపేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ప్రసన్నకుమారి తల ఎత్తలేకపోయింది.