పెన్సిలు చీటీలు

ఆ ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లూ, కుళాయి కనెక్షన్లూ, గోడ తగాదాలూ అన్నీ కలిపి పద్దెనిమిది వేల ఫైళ్ళున్నాయి. ఏది ఎక్కడుందో తెలిసినవాడు ఒక్కడే. ఆయన్ని వెనకాల నోటిలెక్క అనేవాళ్ళు, ముఖాన పెద్దాయనా అనేవాళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళుగా రికార్డ్ రూమ్ ఆయన రాజ్యం. ఆ రాజ్యంలో జాబితా లేదు, ర్యాకుల మీద అంకె కూడా లేదు. ఎవరైనా వచ్చి ఫలానా వీధి, ఫలానా ఇల్లు అనగానే ఆయన కళ్ళు మూసుకునేవాడు, అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే మూసుకునేవాడు. ఆ తర్వాత "నాలుగో ర్యాకు, కింది నుంచి రెండో అర, కిటికీ వైపు మూడో కట్ట" అని తాపీగా సెలవిచ్చేవాడు. అటెండరు నిచ్చెన వేసుకుని వెళ్ళి తెచ్చేవాడు. అడిగినవాడు ఎంత పెద్ద కుర్చీవాడైనా వంగి, నవ్వి, థాంక్స్ చెప్పి మరీ వెళ్ళేవాడు. ఆ కాస్త వంగడం కోసమే ఆయన బతికేవాడని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

అంతటి మనిషి ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడుందో చెప్పలేడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ ఒక్కటీ గెలిచి ఊరుకున్నాడు. ఇల్లు పూర్తిగా భార్యది. రిటైర్మెంటుకి ఇంకా రెండు నెలలున్నాయనగా ఆవిడ టేపు పట్టుకుని ముందుగది కొలిచింది.

"బీరువా ఆ మూలకి జరిపితే మీ కుర్చీ ఒకటి పడుతుంది. అందులోంచి లేచి నా కాళ్ళకడ్డం రాకపోతే మనిద్దరికీ మంచిది," అంది.

అందుకే ఆయన ప్రాణాలన్నీ ఆఫీసరు ఇచ్చిన మాట మీద పెట్టుకున్నాడు. "మీరు తప్ప ఈ గదిని ఇంకెవరూ నడపలేరని తేలితే, రెండేళ్ళు పొడిగించమని రాస్తానండీ," అన్నాడు ఆఫీసరు. నడపలేరనే తేలుతుందని పెద్దాయన ధీమా. ఆ ధీమాలో మన్ను పోయడానికి కుళాయిల సెక్షన్ నుంచి ఒకామె దిగింది.

ముప్పై అయిదేళ్ళుంటాయి. మెళ్ళో తాడుకి కళ్ళజోడు, చేతిలో అట్టల బొత్తి, కత్తెర. వెనకాల అటెండరు మూడు చెక్క సొరుగులు మోసుకొచ్చాడు. కూర్చోమనకముందే కూర్చుని, అరచేయంత చీటీ ఒకటి ఆయన ముందు పెట్టింది.

"ఫైలుకి మూడు చీటీలండీ. ఒకటి వీధి పేరున, ఒకటి ఇంటాయన పేరున, ఒకటి సంవత్సరం వారీగా. మూడింటి మీదా కింద కుడివైపు ఒకటే గుర్తు, ర్యాకు, అర, కట్ట. ఎవరికి ఏ ముక్క తెలిస్తే ఆ సొరుగులో చూసుకుంటారు. ఫైలు బయటికెళ్తే దాని చోట పొడుగు చీటీ నిలబెడతాం, తీసుకెళ్ళినవాళ్ళ పేరుతో."

"ఒక బిడ్డకి ముగ్గురు మంత్రసానులా?" అన్నాడు పెద్దాయన.

"మంత్రసాని ఒక్కరే ఉండి, ఆ రోజు ఆవిడకి జ్వరమొస్తే బిడ్డ గతేమిటండీ?"

అటెండరు నవ్వాపుకోలేక దగ్గాడు. ఆ దగ్గు పెద్దాయన గుండెలో ముల్లులా దిగింది. ఆ క్షణాన ఆమె ఆయనకి పక్కలో బల్లెమైపోయింది. ఆ సాయంత్రానికల్లా ఆమెకి చీటీలమ్మ అని పేరు పెట్టి మూడు సెక్షన్లలో చాటించాడు. ఆమె కూర్చునే చోట ఫ్యాను రెక్క వంకరపోయిందని విప్పించేశాడు. ఆమె అట్టముక్కతో విసురుకుంటూ రెండో చేత్తో చీటీలు కత్తిరించుకుంది. ఒక మాట అని ఉంటే ఆయనకి ఎంతో హాయిగా ఉండేది.

ఆఫీసరు ఆమెకి పెట్టిన పని ఇది. తగాదాల్లో ఉన్న ముఖ్యమైన ఫైళ్ళు నాలుగు వందలు. పెద్దాయన వెళ్ళేలోపు వాటి జాడ ఆయన బుర్రలోంచి చీటీల మీదకి దించాలి. ఆ తర్వాత ఒక సోమవారం పరీక్ష. ఆఫీసరు అడిగిన ఫైలల్లా ఆమె చీటీ చూసి తీయించాలి. తీయించగలిగితే గది ఆమెది. లేకపోతే ఆమె తిరిగి కుళాయిలకి, ఆయనకి రెండేళ్ళు.

రోజుకి ఇరవై చొప్పున అడగడం మొదలుపెట్టింది. "వెనక వీధి, పద్నాలుగో నంబరు, గోడ తగాదా," అంది మొదటి రోజు. అది ఆరో ర్యాకులో అడుగు అరలో ఉంది. ఆయన కిందటి వారమే తన చేత్తో ముట్టుకున్నాడు. కానీ నోరు తెరిస్తే "రెండో ర్యాకు, పై అర, ఎడమ చివర" అని వచ్చింది. ఆమె తలెత్తకుండా పెన్సిలుతో రాసుకుంది. ఆ పెన్సిలు చప్పుడు ఆయన చెవికి ఎంత ఇంపుగా ఉందో చెప్పలేను.

అబద్ధం వంటలో ఉప్పులాంటిదని ఆయనకి తెలుసు. ఎక్కువైతే నాలుక మీద పడగానే దొరికిపోతుంది. అందుకే పదింటికి ఒకటి వేశాడు. రోజుకి రెండు, ఇరవై రోజులకి నలభై. ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. ఏ రోజు ఏవి చెప్పాడో వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ ఇంటికి నడిచేవాడు. పరీక్ష రోజున ఆమె చెయ్యి చాపిన చోట వేరే ఫైలు వస్తుంది. మళ్ళీ చాపుతుంది, మళ్ళీ వేరేది వస్తుంది. అప్పుడు తను కళ్ళు మూసుకుంటాడు.

"ఏమిటీ, ఈమధ్య హుషారుగా ఉన్నారు?" అంది భార్య.

"ఒక తెలివైనదానికి పాఠం చెబుతున్నా."

"మీరా?" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం వచ్చింది. వేడుక మొదటినుంచీ చూడాలని పెద్దాయన గంట ముందే వచ్చాడు. ఆమె అప్పటికే వచ్చి ఉంది. ఆయన్ని చూసి లేవలేదు. పురికొసతో కట్టిన ఒక చిన్న కట్ట బల్ల మీద ఆయన వైపు తోసింది.

"ఇవి మీవి."

విప్పి చూశాడు. అన్నీ పెన్సిలు చీటీలే, ఒక్కోదాని మీద అడ్డంగా సిరాగీత.

"నేను విన్నది పెన్సిలుతో రాస్తాను. వెళ్ళి కళ్ళతో చూశాకే సిరాతో వేరే చీటీ రాస్తాను. సొరుగుల్లో ఉన్నవన్నీ సిరావే. రోజూ మీరు రాకముందు ఎనిమిదింటికి అటెండరూ నేనూ నిచ్చెన ఎక్కుతున్నాం. మీరు చెప్పిన నాలుగు వందల్లో ఇవి తప్పులు. అరవై మూడు."

దొరికిపోయానన్న సిగ్గు కన్నా ముందు ఆయనకి ఆ అంకె తగిలింది. అరవై మూడా? ఆయన గబగబా చీటీలు తిప్పాడు. వెనక వీధి గోడ తగాదా, అవును, అది తనదే. మిల్లు సందు కుళాయి, అదీ తనదే. తనవన్నీ ఒక పక్కకి తీస్తూ పోయాడు. నలభై అయ్యాయి. చేతిలో ఇంకా ఇరవై మూడు మిగిలాయి. ఆ ఇరవై మూడూ ఆయన నిజం అనుకుని చెప్పినవి.

"మొదట్లో పొరపాట్లేమో అనుకున్నాను. వయసైనవాళ్ళు కదా, మరుపేమోనని కూడా అనుకున్నాను. మరుపయితే చెప్పండి, ఆఫీసరుతో అలాగే అంటాను," అంది ఆమె.

ఆమె కళ్ళలో జాలి కనిపించబోయింది. ఆయన దాన్ని రానివ్వలేదు.

"మరుపా? నాకా?" అన్నాడు. "కావాలనే చెప్పాను. అరవై మూడూ కావాలనే చెప్పాను. నీ చీటీలు తగలబడిపోవాలని చెప్పాను."

"అరవై మూడూ?"

"లెక్కపెట్టుకుని మరీ."

ఆమె ముఖం గట్టిపడింది. "అయితే మీకు కక్ష తప్ప ఇంకేం లేదన్నమాట. ఇన్నాళ్ళూ మీ ఎదురుగా నోరు మూసుకుని కూర్చున్నందుకు నన్ను నేను తిట్టుకోవాలి. మీలాంటి మనిషి ఈ గదిలోంచి ఎంత త్వరగా పోతే అంత మంచిది," అని పరీక్ష బల్ల దగ్గరికి సొరుగులు మోయించడానికి మనుషుల కోసం బయటికి వెళ్ళింది.

తిట్టు తిన్నాడు కానీ ఆయనకి ఆ తిట్టు మందులా పనిచేసింది. మతిమరుపువాడని అనిపించుకోవడం కన్నా దుర్మార్గుడని అనిపించుకోవడమే ఆయనకి గౌరవంగా తోచింది. ఇరవై మూడులో పైనున్న చీటీ పట్టుకుని తిన్నగా అయిదో ర్యాకు దగ్గరికి నడిచాడు. పాత బజారు నీళ్ళ తొట్టి ఫైలు. ఆమే మార్చి ఉంటుంది, నా మీద నెపం పెట్టడానికి అక్కడి నుంచి తీసేసి ఉంటుంది అనుకున్నాడు. మధ్య అరలో రెండో కట్ట పట్టుకుని లాగాడు. వీధి దీపాల ఫైళ్ళు వచ్చాయి. కట్ట ఉన్న చోట చెక్క తెల్లగా ఉంది, చుట్టూ ఉన్నదంతా నల్లగా మాసిపోయింది. తెల్లగా ఉన్న మేర సరిగ్గా ఆ కట్టంతే ఉంది. ఎన్నేళ్ళుగానో ఆ కట్ట అక్కడి నుంచి కదల్లేదు.

నిచ్చెన పక్కన అటెండరు నిలబడి ఉన్నాడు.

"తొట్టి ఫైలు ఎక్కడుంది?" అన్నాడు పెద్దాయన.

"ఏడో ర్యాకులో, పెద్దాయనా. ఎప్పుడూ అక్కడే ఉంది."

"మొన్న ఎండాకాలం నేను అయిదో ర్యాకు అంటే వెళ్ళి తెచ్చావు కదా."

అటెండరు నిచ్చెన మెట్టు మీద దుమ్ము గోటితో గీకాడు. "మీరు చెప్పిన చోట లేకపోతే అటూ ఇటూ వెతికి తెచ్చేవాణ్ణి. మూడేళ్ళవుతోంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు తిట్టేది నన్నేగా," అన్నాడు అటెండరు. "ఆ అమ్మకి కూడా చెప్పలేదు. మీరు కావాలనే చెప్పానన్నారు, అలాగే ఉండనివ్వండి," అన్నాడు.

పెద్దాయనకి అతని చెంప మీద ఒకటివ్వాలనిపించింది. దయ చూపించినందుకు కొట్టాలనిపించడం ఎంత నీచమో ఆయనకి తెలుసు, అయినా అనిపించింది. మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో తను కళ్ళు మూసుకున్నప్పుడల్లా ఈ మనిషి లోలోపల ఏమనుకుని నిచ్చెన ఎక్కాడో.

పదిన్నరకి ఆఫీసరు వచ్చాడు. సెక్షన్ల వాళ్ళు గుమ్మం దగ్గర మూగారు. ఆఫీసరు జాబితా చదువుతూ పోయాడు, ఆమె సొరుగు లాగుతూ పోయింది. ఒక్కో ఫైలుకి తుమ్మినంత సేపు కూడా పట్టలేదు. ఇరవై అడిగితే ఇరవై వచ్చాయి. పెద్దాయన గోడకి ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

ఆఫీసరు మరీ చెడ్డవాడు కాదు. మాట ఇచ్చాడు గనక అది ఆయన్ని గుచ్చుతున్నట్టుంది. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"పెద్దాయనా, ఇది మీ పొడిగింపు కాగితం. ఇరవై ఒకటోది మీకోసం. ఆవిడ చీటీ తీసేలోపు మీరు చెప్పగలిగితే ఇప్పుడే సంతకం పెడతాను. గడియారం వీధి, మేడ కూలిన కేసు."

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. ఈసారి నటన కాదు. చూడబోతే వెంటనే కనిపించింది. మూడో ర్యాకు, పై నుంచి రెండో అర, గోడ వైపు చివరి కట్ట, ఎర్ర అట్ట. ఆ మేడ కూలిన సంవత్సరం తన చేత్తోనే దబ్బనంతో కుట్టి పెట్టాడు. పురికొస ముడితో సహా కనిపిస్తోంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు తొట్టి ఫైలు కూడా గుర్తొచ్చింది. అదీ ఇలాగే కనిపించింది, ఇంతే స్పష్టంగా, ముడితో సహా. ఏది నిజం కట్టో, ఏది తన బుర్రలో మాత్రమే ఉన్న కట్టో పోల్చుకోవడానికి ఆయన దగ్గర ఏ గుర్తూ లేదు. ఇంతమంది ముందు అటెండరు వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొస్తే, లేదా అంతకన్నా ఘోరంగా, మళ్ళీ అటూ ఇటూ వెతికి తెచ్చి తన పరువు నిలబెడితే?

"చూసి చెప్పాలి సార్," అన్నాడు.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు. ఆమె వీధుల సొరుగు లాగి, చీటీ తీసి చదివింది.

"మూడో ర్యాకు, పై నుంచి రెండో అర, గోడ వైపు చివరి కట్ట."

అటెండరు ఎక్కి తెచ్చాడు. ఎర్ర అట్ట. ఆఫీసరు పొడిగింపు కాగితాన్ని తిరిగి మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఆమెతో నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర జనం చెదిరారు.

ఆమె ఆ ఫైలుకి సంబంధించిన చీటీ ఇంకా చేతిలో పట్టుకునే ఉంది. ఆయన దగ్గరికొచ్చింది, గొంతులో మెత్తదనమేం లేదు.

"ఇది మీరు నాకు సరిగ్గానే చెప్పారు. చెప్పినచోటే దొరికింది. ఇందాక నోరెందుకు విప్పలేదు? ఇదేం కొత్త నాటకం?"

"విప్పితే నువ్వు నమ్మేదానివా?"

"లేదు," అంది ఆమె.

"నేనూ నమ్మలేదమ్మా," అన్నాడు పెద్దాయన.