శంకరమ్మ అందాజ

పొద్దున లేచి వాకిలి ఊడ్చి, అమ్మకు మొహం కడిగించి, చాయ్ తాగించాక రేణుక చేసే మొదటి పని, అమ్మ అందాజ ఎక్కడుందో కనుక్కోవడం.

శంకరమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన రోజునే ఆ చేతిలోని అందాజ, కొలవకుండానే ఎంతో చెప్పే అంచనా, లేచిపోయింది. ఇబ్రహీంపట్నంలో పెళ్లి అయినా, బారసాల అయినా, దినాలయినా పెద్ద పెద్ద గంజుల్లో బగారా అన్నం వండి దించిన చెయ్యి అది. ఎసరెంత, ఉప్పెంత, కట్టెలు ఎప్పుడు బయటికి లాగాలి, అంతా ఆ చేతికే తెలుసు. చెయ్యి చచ్చుబడ్డాక అందాజ మాత్రం అందులో కూర్చుని ఏం చేస్తుంది? ఊరి మీద పడింది.

కంటికి కనబడదు గానీ, ఎక్కడ వాలిందో ఇట్టే తెలిసిపోతుంది. డిపో దగ్గర చాయ్ బండి మీద వాలిన పూట చక్కెర అందరి నాలుకకూ సరిపోయేది. టైలర్ ఇమ్మానుయేలు టేపు పట్టకుండా కత్తిరించిన జాకెట్లు అచ్చుగుద్దినట్టు కుదిరేవి. ఒకనాడు బస్సు డ్రైవర్‌ను పట్టుకుంది. మీర్‌పేట్ దాకా ప్రతి స్టాపులోనూ బస్సు మెట్టు సరిగ్గా ఎక్కేవాళ్ల కాలి ముందే ఆగింది. ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. తప్పిపోయిన మేకపిల్ల జాడ చెప్పినట్టు చెప్పేవాళ్లు.

"నిన్న మాపటిదాంక మా ఇంట్లనే ఉండె రేణుకా," అంది పక్కింటి సంతోషి. "పప్పుచారు ఎంత మంచిగైందనుకున్నవ్. పొద్దుగాల మార్కెట్ దిక్కు పోయింది."

రేణుక చెప్పులేసుకుని ఉరికింది. మార్కెట్‌కు పోతే అప్పుడే లేచిపోయిందన్నారు. డిపోకు పోతే రానే లేదన్నారు. ఇంటికొచ్చి కూర్చుంటే కాలు నిలవలేదు. వచ్చే సోమవారం ఆమె హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాలి, అక్కడే హాస్టల్లో ఉండాలి. అందాజ తిరిగొస్తే చెయ్యి లేస్తుంది, చెయ్యి లేస్తే అమ్మ మళ్లీ గంజు ముందు నిలబడుతుంది, అప్పుడు తను గుండె బరువు లేకుండా బస్సెక్కొచ్చు. ఇంజనీరింగ్‌లో ఆమెకు బోలెడు నేర్పారు. మంచాన పడ్డ తల్లిని ఎట్లా వదిలి వెళ్లాలో, వదలకుండా ఎట్లా ఉండాలో మాత్రం ఏ సెమిస్టర్‌లోనూ రాలేదు.

"గట్ల ఉరుకకే," అంది శంకరమ్మ. "అదేమన్న కోడిపిల్లనా, గంప కింద కమ్మనీకి?"

"నువ్వు సప్పుడు చెయ్యకు అమ్మా. నేను పట్టుకొస్త."

పట్టుకునే ఉపాయం కూడా ఆలోచించి పెట్టుకుంది. మన్నెగూడలో కొత్తిల్లు కట్టుకున్న కోటేశ్వరి, గృహప్రవేశం మర్నాడు ఇల్లు కట్టిన పనివాళ్లకు మటన్, బగారా అన్నంతో భోజనాలు పెట్టదల్చుకుంది. ఆ వంట శంకరమ్మ జబ్బు పడకముందు ఒప్పుకున్నదే. రేణుక దాన్ని వదులుకోలేదు. అంత పెద్ద పొయ్యి రాజుకుంటే అందాజ రాకుండా ఉండలేదని ఆమె ధీమా.

"చెయ్యగలనంటేనే చెయ్యమ్మాయ్," అంది కోటేశ్వరి. "లేదంటే ఇప్పుడే చెప్పెయ్, మేమేమీ అనుకోం."

"చేస్త ఆంటీ," అంది రేణుక, కళ్లలోకి చూడకుండా.

అందాజ వచ్చేదాకా వంట ఆగదు కదా. అందుకని ముందురోజే అమ్మ ఎడమచేత్తో పిడికెడు ఉప్పు పట్టించి కాటా మీద తూచింది. ఎన్ని పిడికిళ్లు వెయ్యాలో అడిగి, ఫోన్‌లో లెక్క కట్టింది. లెక్క తప్పలేదు. పిడికిలే తప్పింది. మంచాన పడ్డాక శంకరమ్మ చేతిలో కండ కరిగిపోయిన సంగతి రోజూ ఆ చెయ్యి కడిగే కూతురికి తట్టలేదు.

మర్నాడు గంజులో మటన్ ఉడుకుతుండగా, ఏళ్లుగా శంకరమ్మ దగ్గర పొయ్యి చూసే సైదులు గరిటెతో రుచి చూసి మొహం అదోలా పెట్టాడు.

"సప్పగున్నది బిడ్డా."

"ఎంతెయ్యాలె కాకా?"

"నాకేమెరుక? మంట నాది, ఉప్పు మీ అమ్మది."

షామియానా కింద కుర్చీలు లాగుతున్న చప్పుడు. పనివాళ్లు పిల్లాపాపలతో దిగిపోతున్నారు. రేణుకకు చెమటలు పట్టాయి. ఉప్పు డబ్బా మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. అప్పుడు తగిలింది, మణికట్టు దగ్గర, ఆవిరి కంటే కాస్త ఎక్కువ వెచ్చగా. అందాజ గంజు చుట్టూ ఒకసారి తిరిగింది.

దాన్ని చుట్టి పట్టుకుపోదామనే నడుముకు చెక్కుకుని తెచ్చిన తడి దస్తీగుడ్డ లాగబోయింది రేణుక. అది చీరలో ఇరుక్కుని ఊడి రాలేదు. ఎక్కడ ఎగిరిపోతుందోనన్న భయంతో ఉత్త చేత్తోనే గబుక్కున పట్టేసింది. పట్టిన చేతిలోకే అది దిగిపోయింది.

"నాది కాదు! అమ్మది!" అని అరిచింది.

చెయ్యి వినలేదు. డబ్బాలోకి పోయి ఉప్పు తీసింది, చల్లింది, ఆగింది, ఇంకొంచెం చల్లింది. బగారా గంజు కింది కట్టెలు లాగేయమని సైదులుకు సైగ చేసింది. సైదులు మారుమాట లేకుండా లాగేశాడు.

భోజనాల దగ్గర జనం మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్నారు. కోటేశ్వరి వచ్చి, "అచ్చం మీ అమ్మ చెయ్యేనమ్మాయ్!" అని మెచ్చుకుంది. రేణుకకు ఏడుపొచ్చింది. పిడికిలి బిగించుకుని బస్సెక్కింది. కండక్టర్‌కు ఆధార్ కార్డు ఎడమచేత్తోనే చూపించింది.

శంకరమ్మ మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

రేణుక పిడికిలి విప్పి, అమ్మ కుడిచేతిని అరచేతిలోకి తీసుకుంది. "ఇగ పో, నీ ఇంటికి నువ్వు పో," అని బతిమాలింది. అందాజ కదల్లేదు. దానికి తెలిసిన పని అది చేసింది. బియ్యం బస్తాను కాస్త లేపి చూసి ఇంకెన్నాళ్లు వస్తాయో తెలుసుకున్నట్టు, అమ్మ చేతిని కాస్త లేపి చూసింది. ఎన్నాళ్లో రేణుకకు తెలిసిపోయింది.

"ఎంతున్నదే?" అనడిగింది శంకరమ్మ.

"మస్తున్నది."

శంకరమ్మ ఒకవైపుకే వచ్చే నవ్వు నవ్వింది. "సోమారం పోతున్నవ్ గద, బట్టలు సదురుకున్నవా?"

"ఈ సోమారం పోను. ఫోన్ చేసి చెప్త."

"మల్ల ఏ సోమారం పోతవ్?"

ఏ సోమవారమో రేణుక చేతికి తెలుసు. లేచి వంటింట్లోకి వెళ్లి, అమ్మ ఆ పూట ఎంత మింగగలదో అంతే అన్నం కంచంలో పెట్టి, మెత్తగా పిసికి తెచ్చి తినిపించింది. ఒక్క మెతుకు మిగల్లేదు.