వెళ్లొస్తాననాలి

శుక్రవారం పొద్దున్నే గడపకు పసుపు రాస్తూ దాన్ని నోరారా తిట్టడం కాంతమణికి అలవాటు. అది రాజాం దగ్గర పుట్టింటి గడప. ఎల్లాజీని చేసుకుని అల్వాల్ వచ్చినప్పుడు లారీలో వేయించి తెచ్చుకుంది. దానికి ఒకటే పట్టింపు. దాటేవాళ్లు వెళ్లొస్తాననాలి. పోతానన్నవాడి కాలు మళ్లీ లోపల పడదు. గ్యాసు బండ తెచ్చేవాడికి కూడా ఈ సంగతి తెలుసు.

తను పనిచేసే మిల్లు మూతపడిన రోజున ఎల్లాజీ పెళ్లాం మీద ఒంటికాలిమీద లేచి, "ఈ కొంపలో ఉండను, పోతన్నాను" అని గడప దాటాడు. సాయంత్రానికి కోపం దిగి తిరిగొచ్చాడు గానీ ఏం లాభం? ఎన్నిసార్లు ఎత్తినా కాలు బయటే పడింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ అరుగు మీదే తిన్నాడు, అరుగు మీదే పడుకున్నాడు, చివరికి అక్కడే పోయాడు.

బడికెళ్లే మరిది తాతాజీని కాంతమణే నాలుగిళ్లలో వంట చేసి చదివించింది. వాడు "పోతున్నా" అనబోతే నోరు మూసి, "ఎల్లొస్తానను" అని దిద్దేది. పెద్దయ్యాక, గడప మీద కూర్చోకూడదన్నా వినకుండా అక్కడే కూర్చుని కాల్ సెంటర్ ఇంగ్లీషు వల్లె వేశాడు. ఉద్యోగం వచ్చింది. మాదాపూర్ తీసుకెళ్లే క్యాబ్ గుమ్మం ముందుకొచ్చింది. పొగరూ వచ్చింది.

స్థలాల ధరలు ఆకాశాన్నంటాక వాడి కన్ను ఇంటి మీద పడింది. అత్తగారు పోతూ పోతూ ఇల్లు వాడి పేరునే రాసింది మరి.

"ఎన్నిసార్లు చెప్పాలె వదినా? రేపు బిల్డర్‌ని తోలుకొస్తా. సామాన్ సర్దుకో, లేకుంటే రోడ్డు మీద ఏపిస్తా."

"నానెక్కడికెల్లాలిరా?"

"నాకేమెరుక?"

క్యాబ్ హారన్ కొట్టింది. తాతాజీ ఫోను చెవికి ఆనించి, "ఓకే, ఐ యామ్ లీవింగ్" అంటూ గడప దాటాడు. 'ఎల్లొస్తానను' అన్న మాట కాంతమణి నాలుక చివరిదాకా వచ్చింది. ఈసారి మింగేసింది. గడప మీద కూర్చుని దానికి ఇంగ్లీషు నేర్పింది తనేనని వాడికి గుర్తే లేదు.

మర్నాడు బిల్డర్‌తో వచ్చి కాలెత్తాడు. బయటే పడింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ అంతే. బొల్లారంలో పుట్టి పెరిగిన ఆ బిల్డర్‌కి ఇలాంటి గడపలు కొత్త కాదు. "ఇంటోణ్ణే రానియ్యని ఇల్లు నాకెందుకు భాయ్" అని కారెక్కి వెళ్లిపోయాడు.

తాతాజీ తిట్టాడు, శాపనార్థాలు పెట్టాడు, ఆఖరికి బతిమాలాడు. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది.

"వదినా, ఆకలైతుంది."

కాంతమణికి జాలి కలగలేదు. అటక మీదున్న ఎల్లాజీ కంచం దించి తోమింది. అన్నం పెట్టి, గడప లోపలే నిలబడి, అరుగు మీదికి జరిపింది.

"కూకుని తిను," అంది. "మీ అన్న కూకున్న సోటే అది."