ఊగే కారు

క్రేను నాన్నకు నిద్ర పట్టేది ఒక్క చోటే. కూతురి పాత ఎర్ర స్పోర్ట్స్ కారులో, పక్క సీట్లో, మధ్యాహ్నం మూడు దాటాక.

ముప్పై నాలుగేళ్లు ఆకాశంలో గాజు గదిలో కూర్చుని ఇనుప దూలాలు ఎత్తి దించిన మనిషి ఆయన. రిటైరై నేలకు దిగాడు గానీ నిద్ర మాత్రం పైనే ఉండిపోయింది. మంచం మీద వాలితే తెల్లారేదాకా పైకప్పుతో మాటామంతీ. కూతురు లైబ్రరీలో పని ముగించుకుని వచ్చి, ఆయన్ని ఎక్కించుకుని ఊరి చివరి రోడ్డు మీద తిప్పేది. మొదటి గతుకు దగ్గర రెప్పలు బరువెక్కేవి, రెండోదాని దగ్గర గురక మొదలయ్యేది. గతుకు దాటాక కూడా కారు నీటి మీద పడవలా పైకీ కిందికీ తేలుతూనే ఉండేది. ఆ తేలడంలో చెట్లు, గోడలు, మబ్బులు అన్నీ మెల్లగా తలలూపుతున్నట్టు కనిపించేవి ఆమెకు.

ఒక సెలవు రోజు పొద్దున్నే ఆయిల్ మార్పించడానికి షెడ్డుకు వెళ్లారు. మెకానిక్ జేబులో ఎప్పుడూ నట్లు గలగలలాడుతుంటాయి. అందుకే అందరికీ నట్టు బాబాయ్.

"ఎలా ఉందన్నయ్యా బండి?"

"హాయిగా ఊగుతోంది తమ్ముడూ!" అన్నాడు నాన్న, బిడ్డ మార్కులు చెప్పుకుంటున్నంత సంబరంగా.

నట్టు బాబాయ్ ముఖం మారింది. "గతుకు దాటాక ఎన్నిసార్లు?"

"మూడు, నాలుగు. ఒక్కోసారి అయిదు కూడా!"

బాబాయ్ కారు వెనక మూలను బలంగా నొక్కి వదిలాడు. కారు తీరిగ్గా ఊగింది.

"కంప్లయింటును ఇంత నవ్వుతూ చెప్పినవాణ్ణి నిన్నే చూశా. షాక్ అబ్జార్బర్లు నాలుగూ పోయాయి. స్ప్రింగు బరువు మోస్తుంది, దాని గంతులు ఆపేది ఇవి. ఇవి పట్టు తప్పితే మలుపులో చక్రం నేలను వదిలేస్తుంది."

కూతురికి గుర్తొచ్చింది. కిందటివారం వానలో, మలుపు దగ్గర, కారు వెనక భాగం జానెడు పక్కకు జారింది. పక్కన నాన్న నిద్రపోతున్నాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

మార్చకపోతే నాన్న ప్రాణానికే ముప్పు. మారిస్తే ఆయనకున్న ఆ కాస్త నిద్రా పోతుంది.

"మార్చేయండి బాబాయ్. కానీ కంపెనీవాళ్లు చెప్పే రేటు వింటే కారు అమ్మి అవి కొనుక్కోవాలి."

"నీకు కంపెనీ పేరు కావాలా, పని కావాలా? వీటిని చేసే ఫ్యాక్టరీలోనే మామూలు కార్లకు కూడా చేస్తారు. కొలతలు, బిగింపులు సరిపోయేవి నా దగ్గరున్నాయి. స్ప్రింగులు బాగున్నాయి, అవే ఉంచుదాం. పైన రబ్బర్లు మాత్రం కొత్తవి వేయాలి, చివర్లో చక్రాల అలైన్‌మెంటు చేయించాలి. ఆ రెండింట్లో పిసినారితనం చేశావో, బాబాయ్ అని పిలవకు!"

నాన్న, ఊడదీసిన పాత షాక్ అబ్జార్బరును ఒళ్లో పెట్టుకుని, కారిన నూనెను గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

మూడు దాటాక బయల్దేరారు. మొదటి గతుకు. కారు ఒక్కసారి దిగి, లేచి, నిలిచిపోయింది. చెట్లు తలలూపలేదు. నాన్న కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమె రెండో చుట్టు తిప్పింది, మూడోది కూడా.

"నిద్ర రావట్లేదా నాన్నా?"

"పిచ్చితల్లీ, క్రేను కొక్కేనికి వేలాడే బరువు గాలికి ఊగుతున్నంతసేపు మాకు పనుండదు. కళ్లు మూసుకుని కూర్చునేవాణ్ణి. ఊపు ఆగిందంటే నా పని మొదలు." ఆయన చొక్కా జేబు తడిమాడు. "లైసెన్సు ఉంది. కాస్త ఇటు రా."

"మీరా? నేల మీద బండ్లు నాకు రావు అనేవారుగా!"

"అప్పుడు ఇది ఊగుతూ తేలేది, నేల మీద ఎక్కడుంది?"

సీట్లు మారారు. ఆయన స్టీరింగును కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఖాళీ రోడ్డు మీద నత్తలా కదిలించి, మెల్లగా వేగం పెంచాడు. మలుపు దగ్గర ఆమె డాష్‌బోర్డు పట్టుకుంది. వెనక చక్రాలు అంగుళమైనా జారలేదు. ఆమె చేయి వదిలేసింది. ఎండ అద్దంలోంచి ఒళ్లో పడింది. ఎన్నాళ్లుగా మోస్తున్న అలసటో, మెడ మీంచి జారిపోయింది.

ఆమెకు మెలకువ వచ్చేసరికి కారు ఇంటి ముందుంది. ఇంజన్ ఆగి ఉంది, తాళంచెవి తీసి ఉంది. స్టీరింగు ముందు నాన్న నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఊపు లేదు, గతుకు లేదు. గురక మాత్రం ఎప్పటిలాగే.

తలుపు తీస్తే చప్పుడవుతుందని, ఆమె కదలకుండా అలాగే కూర్చుంది.