మేనస్ డాన్ నీల్‌కు రాయి

మే నెలాఖరున మా కొండ మీది సమాధులకు జెండాలు గుచ్చుతారు. అందరికీ కాదు, పటాలంలో పనిచేసినవాళ్లకే. ఎవరికి గుచ్చాలో, ఎవరికి కూడదో ఆ జాబితా బార్నీ బాయిల్ దగ్గర ఉంటుంది. గడ్డి కోసేదీ గోతులు తవ్వేదీ నేను. ముప్ఫై ఏళ్లుగా అదే పని. చచ్చినవాళ్లతో నాకెప్పుడూ పేచీ రాలేదు. వచ్చిన పేచీలన్నీ వాళ్ల చుట్టాలతోనే.

వాటిల్లో పెద్దది డీలియా అత్తది. ఆమె నాకేమీ కాదు. మా బొగ్గు ఊళ్లో డెబ్భై దాటిన ఆడమనిషి ఎవరైనా అందరికీ అత్తే. పెళ్లి చేసుకోలేదు. నలభై ఏళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టి, ఎడమ కన్ను మసకబారాక మానేసింది. బార్నీకి పెదనాన్న కూతురు. బాయిల్ల వరుసలో ఇక మిగిలింది ఒక్క మనిషికి చోటు, అది ఆమెదే. దాని పక్కన రాయి లేని దిబ్బ ఒకటుంది. అందులో ఉన్నాయన డీలియా అత్తకూ బార్నీకీ ముత్తాత, మేనస్ బాయిల్.

మేనస్ అమెరికా అంతర్యుద్ధంలో పోరాడాడని, ఎడమ చేతి వేళ్లు రెండు అక్కడే పోగొట్టుకున్నాడని డీలియా అత్తకు వాళ్ల నాయనమ్మ చెప్పేది. అవన్నీ కోతలని, ఆ వేళ్లు గనిలో బండి కింద పడి పోయాయని బార్నీ వాళ్ల నాన్న అనేవాడు. ఏడేళ్లప్పుడు డీలియా పాత ఎర్ర లంగా గుడ్డతో, దుప్పటి ముక్కతో జెండా కుట్టుకొచ్చి ఆ దిబ్బ మీద గుచ్చింది. బార్నీ వాళ్ల నాన్న ఊరందరి ముందు దాన్ని పీకి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది సిపాయిలకమ్మా, సిపాయిలకి" అన్నాడట. ఆ జెండా ఇంకా ఆమె బీరువాలో ఉంది.

సైన్యంలో చేసినట్టు కాగితం చూపిస్తే ప్రభుత్వమే సమాధికి రాయి ఇస్తుంది. కాగితం లేదు. డీలియా అత్త వాషింగ్టన్‌కు మూడుసార్లు రాసింది. మూడుసార్లూ మేనస్ బాయిల్ అనేవాడి పింఛను కాగితాలు వచ్చాయి, మూడుసార్లూ వేరేవాడివే. మూడోవాడు ఒహాయోలో పోయాడు, భార్య పేరు కేథరిన్.

"మా ముత్తవ్వ గ్రేస్. ఈ కేథరిన్ ఎవర్తో నాకేం తెలుసు" అని ఆమె ఆ కాగితాలను పొయ్యి పక్కన పడేసింది.

ఆదివారం గుడి మెట్ల మీద బార్నీ ఎదురయ్యాడు. "ఏం అక్కా, ముత్తాత దొరికాడా?"

"దొరుకుతాడు."

"వేళ్లు రెండు పోయాయంటే సరే. ఈ ఊళ్లో పది వేళ్లతో చచ్చిన మగాణ్ణి ఒక్కణ్ణి చూపించు. అందరికీ జెండా గుచ్చమంటావా?"

ఆమె నా వైపు తిరిగింది. "ఒరే హ్యూగీ, డాక్టరు నా గుండె సంగతి ఏమన్నాడో నీకు చెప్పలేదు, చెప్పను కూడా. కానీ ఒకటి విను. పక్కనున్నవాడు ఎవడో తేలకుండా నేను ఆ చోట పడుకోను."

ఆ వేసవిలో మాకు కొత్త ఫాదర్ వచ్చారు. ఫిలడెల్ఫియా మనిషి, నెమ్మదస్తుడు. రెండోరోజే ఒక చావు. గొయ్యి తవ్వించాలని నన్ను వెతుక్కుంటూ సారాకొట్టుకు వెళ్లారు.

"హ్యూ స్వీనీ ఎక్కడుంటాడు బాబూ?" అని అడిగితే కొట్టువాడు గ్లాసు తుడుస్తూ, "ఏ హ్యూ స్వీనీ ఫాదర్? ఐదుగురున్నారు. నిన్నటిదాకా ఆరుగురు" అన్నాడట.

"ఆ ఆరోవాడికి గొయ్యి తవ్వాల్సినవాడు."

"ఓహో, హ్యూగీ జాన్ పాడీ. ఆ మాట ముందే అనొచ్చుగా."

నా పేరు, మా నాన్న పేరు, మా తాత పేరు. మావాళ్లు ఐర్లాండులోని డోనెగల్ కొండల నుంచి తెచ్చుకున్న అలవాటు అది. అక్కడ పల్లె మొత్తం ఒకటే ఇంటిపేరైతే ఆ ఇంటిపేరు ఎవరికి పనికొస్తుంది?

ఆ సాయంత్రం డీలియా అత్త వంటింట్లో టీ తాగుతూ, కిస్మిస్ రొట్టె నములుతూ ఈ సంగతి చెప్పాను, నవ్వుతుందని. ఆమె నవ్వలేదు. కప్పు కింద పెట్టింది.

"నీ పేరేంట్రా అని అడిగితే నువ్వేమంటావు?"

"హ్యూగీ జాన్ పాడీ అంటాను."

"బ్యాంకులో?"

"బ్యాంకులో హ్యూ స్వీనీ. అది మా అమ్మ కొట్టి నేర్పింది."

"కొట్టి నేర్పే అమ్మ లేనివాడనుకో. ఓడ దిగి రెండేళ్లు కాలేదు, ఇంగ్లీషు నోరు తిరగదు. పటాలం బల్ల వెనక కూర్చున్న దొర పేరు చెప్పమంటే ఏం చెప్తాడు?"

నేను రొట్టె నమలడం ఆపాను.

"మా తాత బురద కాళ్లతో వస్తే మా నాయనమ్మ నాలుగు తరాలూ కలిపి పిలిచేది" అంది డీలియా అత్త. "'డాన్ మేనస్ డాన్ నీల్, బూట్లు తుడుచుకుని లోపలికి రా' అని. తాత పేరు తీసెయ్. ఏం మిగిలింది?"

"మేనస్ డాన్ నీల్."

"నేను ఇన్నాళ్లూ బాయిల్ అని వెతికాను, వెర్రిదాన్ని. సిరా పెన్ను ఇటివ్వు."

దొర మొదటి పేరు, చివరి పేరు పట్టుకుని ఉంటాడని ఫారం మీద మేనస్ నీల్ అని రాసింది. భార్య గ్రేస్ అని రాసింది. పోస్టాఫీసుకు నేనే తీసుకెళ్లాను. తొమ్మిది వారాలు పట్టింది. ఈలోగా ఆమె రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లొచ్చింది. రెండోసారి వచ్చాక మేడ మెట్లు ఎక్కడం మానేసి మంచం కిందికి దింపించుకుంది.

అక్టోబరులో లావుపాటి కవరు వచ్చింది. నలభై మూడు కాగితాలు. ఆమెకు కన్ను ఆనదు కాబట్టి నేనే చదివాను. మొదటిది పటాలం డాక్టరు రాసింది. మేనస్ నీల్, ఐర్లాండు మనిషి, గని కూలీ, తుపాకి గుండు తగిలి ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు పోయినవి. డీలియా అత్త తన ఎడమ చేతిని బల్ల మీద పెట్టుకుని ఆ రెండు వేళ్ల వంకే కాసేపు చూసుకుంది.

"ఊఁ. చదువు."

మేనస్ పోయాక గ్రేస్ పింఛను అడిగింది. పేర్లు రెండు కలవలేదని విచారణకు ఒక అధికారి మా ఊరు వచ్చాడు. ఆయన అడిగిన ప్రశ్న, ఆమె చెప్పిన జవాబు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాడు.

ప్రశ్న: నీ భర్త అసలు పేరు దాచి మరో పేరుతో సైన్యంలో ఎందుకు చేరాడు?

జవాబు: దాచలేదు బాబూ. ఆయన పేరు మేనస్ డాన్ నీల్. నేను ఆయన్ని చేసుకున్నది ఆ పేరుతోనే. బాయిల్ అన్నది ఫాదర్ పుస్తకంలో ఉండేది. మా పల్లెలో అందరూ బాయిల్‌లే, కుక్కలు తప్ప.

కింద సంతకం చోట ఒక గుణకారం గుర్తు. గ్రేస్ బాయిల్, ఆమె గుర్తు.

తర్వాతి కాగితం చదవబోయి ఆగిపోయాను. సాక్షి పేరు పాట్రిక్ స్వీనీ. మా తాత పాడీ. "మేనస్ వెనకాల వరసలో నేనే ఉన్నాను. గుమాస్తా 'నీల్, పక్కకు నిలబడు' అన్నాడు. మేనస్ కదల్లేదు. వాళ్ల తాతను పిలుస్తున్నారనుకున్నాడు. ఆయన పోయి అప్పటికి ఇరవై ఏళ్లు. నేను మోచేత్తో పొడిస్తే కదిలాడు."

డీలియా అత్త అప్పుడు నవ్వింది. నవ్వి, మందు మాత్ర వేసుకుని, మళ్లీ చదవమంది. ఆ పూట మూడుసార్లు చదివించుకుంది.

రాయికి దరఖాస్తు పెట్టే దగ్గర చిక్కొచ్చింది. పటాలం పుస్తకంలో ఏ పేరుంటే రాయి మీద ఆ పేరే చెక్కుతారు. బాయిల్ అని కావాలంటే మరిన్ని రుజువులు పంపాలి, ఏడాది పట్టొచ్చు, రెండేళ్లు పట్టొచ్చు. సంగతి తెలిసి బార్నీ వచ్చాడు. కాగితాలు తిరగేశాడు. డాక్టరు కాగితం దగ్గర కాసేపు ఆగాడు. అయినా తల ఒప్పుకున్నంత తేలిగ్గా నోరు ఒప్పుకోదు కదా.

"బాయిల్ల వరుసలో నీల్ అని రాయా? చూసినవాళ్లు ఎవడి శవమో మన పక్కన పూడ్చారనుకుంటారు. ఆగు అక్కా, పేరు సరిచేయించి పెడదాం."

"ఆగడానికి నువ్వున్నావు. నేనుంటానా?"

"మరి జీవితమంతా బాయిల్ అని రాయి పడాలనేగా కొట్టుకున్నావు?"

ఆ మాట ఆమెకు తగిలింది. ఆ రోజు దరఖాస్తు నింపలేదు. మర్నాడు పొద్దున నేను బొగ్గు బకెట్టు ఇవ్వడానికి వెళ్లేసరికి సంతకం పెట్టి, కవరు అంటించి ఉంచింది.

"ఏ పేరు రాశావత్తా?"

"మా ముత్తవ్వ బైబిలు మీద చెయ్యి పెట్టి ఏ పేరు చెప్పిందో అందులో ప్రభుత్వం ఒప్పుకునేంత. ఆమె మాట దిద్దడానికి నేనెవర్ని?"

రాయి ఏప్రిల్‌లో వచ్చింది. తెల్ల చలువరాయి. నేనూ ఇంకో ఇద్దరూ కలిసి దాన్ని లేపి నిలబెట్టాం. మేనస్ నీల్, పటాలం పేరు, అంతే. మే నెలాఖరున డీలియా అత్తను కారులో పైదాకా తీసుకొచ్చాను. కర్ర పట్టుకుని నాలుగడుగులు నడిచి, రాయి దగ్గర నిలబడి ఊపిరి తీసుకుంది.

బార్నీ జెండాల కట్ట చంకలో పెట్టుకుని వరుస వెంట వచ్చాడు. జాబితా తీశాడు. "ఏ పేరు వేసుకోమంటావు?"

"దాని మీద ఉన్నదే వేసుకో."

వేసుకున్నాడు. ఒక జెండా తీసి ఆమెకు అందించబోయాడు. ఆమె చేతులు కర్ర మీదనుంచి తీయలేదు.

"నువ్వే గుచ్చు బార్నీ. మీ నాన్న పీకిన చోట."

బార్నీ జాబితా జేబులో పెట్టుకున్నాడు. టోపీ తీసి, మోకాలు నేలకు ఆనించి గుచ్చాడు. నేల గట్టిగా ఉండి జెండా ఒకసారి వాలితే మళ్లీ సరిచేశాడు.

అతను వెళ్లాక డీలియా అత్త పక్కనున్న ఖాళీ గడ్డి వంక చూసింది. "హ్యూగీ, నా చోటు ఆయనకు ఏ వైపు వస్తుంది?"

"ఎడమ వైపు అత్తా."

"మంచిదేరా. ఆ చేతికి రెండు వేళ్లు తక్కువ, కాస్త చోటు కలిసొస్తుంది."